మేడారం కాలినడకకు 12 వారాల తయారీ, దారిలో దుకాణం ఫోను సంగతి

ఎనుమాముల లెక్కలు:

అందరికీ నమస్తే. వచ్చే మాఘంలో హనుమకొండ నుంచి మేడారం నడిచిపోయే మొక్కు ఉంది. దూరం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, నాలుగు రోజుల్లో చేరాలని ఆలోచన. ఇవ్వాల్టి నుంచి లెక్కేస్తే 12 వారాలు ఉన్నయి. వయసు 41, బరువు 78 కిలోలు, షుగర్, బీపీ లేవు. పొద్దంతా కుర్చీల కూసొని చేసే పని. నడక అంటే ఇంటి నుంచి బస్‌స్టాప్ దాకానే.

రెండో సంగతి ఫోను. అడ్తి (కమీషన్) దుకాణంల లెక్కలు చూస్త. మాఘం అంటే మార్కెట్ యార్డుకు మిర్చి దండిగ వచ్చే రోజులు. సేటు సెలవు ఇచ్చిండు గాని ఫోను బంద్ పెట్టొద్దన్నడు. తక్‌పట్టీల (సరుకు అమ్మిన చిట్టీల) ఫొటోలు, బాకీల లిస్టు, రేట్లు అన్నీ వాట్సాప్‌లనే నడుస్తయి. దుకాణం ఖాతా ఓటీపీలు కూడా నా నంబరుకే వస్తయి. ఫోను ఆండ్రాయిడ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, రెండు సిమ్ములు. పవర్ బ్యాంకు 10000ది ఉంది.

వారం వారం ఎంత నడవాలె, ఎక్కడ ఆగాలె? పని ఆగకుండ, బ్యాటరీ అయిపోకుండ ఫోను ఎట్ల పెట్టుకోవాలె? అడవి దిక్కు సిగ్నల్ సరిగ ఉండదంటరు, అప్పుడేం చేయాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

భద్రకాళి కట్ట:

12 వారాలు సరిపోతయి. ఇంకో రెండు వారాలు ఆగితే మాత్రం సరిపోవు, కాబట్టి రేపే మొదలుపెట్టండి.

ముందు లెక్క చూడండి. నాలుగు రోజులంటే రోజుకు 25 కిలోమీటర్లు. మామూలుగ గంటకు 5 నడుస్తం. చాయ్, నీళ్లు, సాక్సులు మార్చుడు, కాళ్లు చాపుకునుడు అన్నీ కలిపితే గంటకు 4 దాటదు. అంటే రోజుకు ఆరు గంటల పైన రోడ్డు మీదనే. ఒక్కరోజు 25 నడుచుడు కష్టపడితే ఎవరికైనా అయితది. రెండో రోజు తెల్లారి లేచి, పట్టేసిన పిక్కలతోని మళ్లీ 25 నడుచుడే అసలు పరీక్ష. తయారీ మొత్తం ఆ రెండో రోజు కోసమే.

వారంల ఐదు రోజులు నడక, రెండు రోజులు పూర్తి విశ్రాంతి. నాలుగు మామూలు రోజులు 40 నుంచి 50 నిమిషాలు, ఆదివారం పెద్ద నడక. ఆదివారం దూరం మొదటి వారం 8 కిలోమీటర్లు, రెండో వారం 10, మూడో వారం 12, నాలుగో వారం తగ్గించి 9. ఐదో వారం 14, ఆరో వారం 17, ఏడో వారం 20, ఎనిమిదో వారం మళ్లీ తగ్గించి 14. తొమ్మిదో వారం నుంచి శనివారం కూడా కలపాలె: శనివారం 12, ఆదివారం 22. పదో వారం శనివారం 20, ఆదివారం 24. అన్నిటికంటే బరువైన వారం ఇదే. పదకొండో వారం ఆదివారం 12 చాలు. పన్నెండో వారం మూడు రోజులు అరగంట చొప్పున నడిచి, బయల్దేరే ముందు రెండు రోజులు ఏమీ చేయొద్దు. ఆఖరి పది రోజుల్లో ఎంత నడిచినా కొత్త బలం రాదు, అలుపు మాత్రం మిగులుతది.

తగ్గించే వారాలను ఎగ్గొట్టొద్దు. ఊపిరి, కండ మూడు నాలుగు వారాల్లోనే అలవాటు పడతయి. ఎముక, కీళ్ల దగ్గరి నారలు వాటికంటే చానా ఆలస్యంగ గట్టిపడతయి. మంచిగనే ఉన్న కదా అని ఆరో వారంల 25 కొడితే, ఏడో వారంల మడిమనో మోకాలో పట్టుకుంటది. ఒక వారం జ్వరం వచ్చి పోయిందనుకోండి, ఆ దూరాన్ని తర్వాతి వారంల కలపొద్దు. ఎక్కడ ఆగిందో అక్కడ నుంచే మొదలుపెట్టాలె.

జోరు ఎంత ఉండాలంటే, నడుస్తూ ఫోనుల మాట్లాడితే అవతలోళ్లకు మీ ఎగపోత వినపడొద్దు. అంతకంటే జోరు అవసరం లేదు.

మామూలు రోజులకు భద్రకాళి కట్ట, వడ్డేపల్లి కట్ట మంచివి, బండ్ల బాధ లేదు. ఆదివారం నడక మాత్రం తారు రోడ్డు మీదనే చేయాలె. మేడారం దారిల ఎక్కువ భాగం 163 నంబరు జాతీయ రహదారి. ములుగు రోడ్డు పట్టుకొని ఆరెపల్లి దాటి దామెర దిక్కు పోయి మళ్లి రావచ్చు. ఎదురుగ వచ్చే బండ్లు కనపడేటట్టు కుడి పక్కన నడవాలె. ఇక్కడ ఒక చిక్కుంది. వాన నీళ్లు జారేందుకు రోడ్డును నడిమిట్ల ఎత్తుగ, అంచులకు వాలుగ వేస్తరు. గంటల తరబడి ఒకే అంచున నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలనే పడతది, ఆ పక్క మోకాలి బయటి వైపు నొప్పి లేస్తది. మట్టి అంచు చదునుగ ఉన్న చోట దాని మీదికి దిగండి.

సంచి ఐదో వారం నుంచి మొదలు. ముందు 2 కిలోలు, ఎనిమిదో వారానికి 4. అసలు నడకల మీ సంచి 5 కిలోలు దాటొద్దు, నీళ్లతో సహా. రెండు లీటర్ల నీళ్లే 2 కిలోలు, మరువకండి.

రెండు సిమ్ములు:

కాళ్ల లెక్క పైన వచ్చింది కాబట్టి ఫోను సంగతి చెప్త. నా మాట ఒక్కటే: దారిల ఫోనుతోని ఏమేం చేయాలనుకుంటున్నరో అవన్నీ ఆదివారం నడకల్లనే చేసి చూడాలె. కొత్త బూట్లతోని మేడారం పోరు కదా, కొత్త సెట్టింగులతోని కూడా పోవద్దు.

పవర్ బ్యాంకు మీద 10000 అని రాసి ఉంటది గాని అది లోపలి సెల్లుల లెక్క, 3.7 వోల్టుల దగ్గరిది. ఫోనుకు 5 వోల్టులు చేసి పంపాలె, ఆ మార్పిడిల కొంత వేడిగ పోతది. వెనక చిన్న అక్షరాల్ల రేటెడ్ కెపాసిటీ అని 6000 చిల్లర కనపడతది చూడండి, చేతికొచ్చేది అంతే. మీ 5000 ఫోనుకు ఒక నిండు ఛార్జింగు, ఇంకో పావు వంతు. ఆ పావును ఆపద కోసం ఉంచుకొని, ఒక్కటే నిండు ఛార్జింగు అనుకొని లెక్కేసుకోండి.

ఖర్చు ఎంతో కొలవాలె. ఏడో వారం 20 కిలోమీటర్ల రోజు బయల్దేరేటప్పుడు, వచ్చినంక శాతం రాసుకోండి. మాటకు 92తో మొదలై ఐదు గంటలకు 64కు వచ్చిందనుకుందాం. 28 శాతం పోయింది, గంటకు 5.6. అదే తీరున ఏడు గంటలకు 39 శాతం పైన. దాని మీద దుకాణం కాల్స్, ఫొటోలు. ఇది ఊరి దగ్గర, సిగ్నల్ నిండుగ ఉన్న చోటి లెక్క అని గుర్తుంచుకోవాలె.

బ్యాటరీని తినేటియి రెండు: ఎండల వెలుతురు పెంచిన స్క్రీన్, బలహీనమైన సిగ్నల్. టవర్ దూరమైన కొద్దీ ఫోను గట్టిగ అరవాలె, అంటే ఎక్కువ పవర్‌తోని సిగ్నల్ పంపాలె. రెండు సిమ్ములుంటే రెండూ అదే పని చేస్తయి. అందుకే పల్లె దాటినంక ఒక సిమ్ము ఆఫ్ చేయండి. సెట్టింగ్స్‌ల మొబైల్ నెట్‌వర్క్ తెరిచి, ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ దగ్గర 5జీ తీసేసి 4జీ పెట్టండి. 5జీ ఉండీ లేని చోట ఫోను దాన్ని వెతుకుడుతోనే అలిసిపోతది.

రెండు సిమ్ములు ఒకే కంపెనీవైతే ఒకటి మార్చుకోండి. జియోకు 2జీ లేదు, 4జీ అందకపోతే మామూలు కాల్ కూడా పోదు. ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటివి రెండోది ఉంటే డేటా రాకున్నా కాల్, ఎస్ఎంఎస్ పోయే అవకాశం ఉంటది. మీ సిమ్ముకు సిగ్నల్ లేకున్నా అక్కడ వేరే కంపెనీ టవర్ అందితే 112కు కాల్ కలుస్తది. పవర్ బటన్ ఐదుసార్లు టకటక నొక్కితే ఎమర్జెన్సీ కాల్ పోయే ఏర్పాటు చానా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల ఉంది, సెట్టింగ్స్‌ల సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ కింద చూసుకోండి. అక్కడనే మీ బ్లడ్ గ్రూపు, ఇంటోళ్ల నంబరు పెడితే లాక్ తీయకుండనే ఎవరైనా చూడవచ్చు.

దూరం కొలిచే యాప్ మధ్యల ఆగిపోతది అని చానామంది అంటరు. తప్పు జీపీఎస్‌ది కాదు. స్క్రీన్ ఆఫ్ కాంగనే ఫోను బ్యాటరీ మిగిలించాలని ఆ యాప్‌ను మూసేస్తది. సెట్టింగ్స్‌ల యాప్స్, ఆ యాప్ పేరు, బ్యాటరీ తెరిచి అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టాలె. కొన్ని ఫోన్లల్ల అదే నో రిస్ట్రిక్షన్స్ అని ఉంటది.

ఇగ పని సంగతి. మీరు పొద్దున ఐదింటికి బయల్దేరి పదిన్నరకు ఆగుతరు అనుకుందాం. రోజుకు మూడు ఆగుళ్లు దుకాణానికి కేటాయించండి: పదిన్నర, ఒకటిన్నర, సాయంత్రం ఐదున్నర, ఒక్కోటి 20 నిమిషాలు. ఈ టైములు సేటుకు, కొనుగోలుదార్లకు వారం ముందే చెప్పాలె. మిగిలిన టైంల డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, కాల్స్ దగ్గర స్టార్ పెట్టిన కాంటాక్టులకే అనుమతి ఇవ్వండి. స్టార్ సేటుకు, ఇంటికి, తోడు నడిచేటోళ్లకు చాలు. దాని కింద రిపీట్ కాలర్స్ ఆన్ చేస్తే, అదే నంబరు 15 నిమిషాల్లోపల రెండోసారి చేసినప్పుడు మోగుతది. నిజంగ అర్జెంటు ఉన్నోడు రెండోసారి చేస్తడు.

వాట్సాప్‌ల స్టోరేజ్ అండ్ డేటా తెరిచి మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు వాటంతట అవి డౌన్‌లోడ్ కాకుండ అన్ని టిక్కులు తీసేయండి. తక్‌పట్టీ వచ్చినప్పుడు దాన్నొక్కదాన్నే నొక్కి తెరుస్తరు. ఇంకో పని: దుకాణం వాట్సాప్ నంబరు వేరేగ ఉంటే లింక్డ్ డివైసెస్ ద్వారా దుకాణం కంప్యూటర్‌కు కలిపి పోండి. నాలుగు పరికరాల దాకా కలపవచ్చు, మీ ఫోను ఆఫ్ అయినా అక్కడ మెసేజ్‌లు వస్తనే ఉంటయి. 14 రోజులకొకసారి అసలు ఫోనుల వాట్సాప్ తెరిస్తే సరిపోతది. అది మీ సొంత నంబరైతే మాత్రం కలపొద్దు, ఇంటి ముచ్చట్లు కూడా దుకాణంల కనపడతయి.

లెక్కల షీటు గూగుల్ షీట్స్‌ల ఉంటే, దాని పక్కన మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌ల దొరికేటట్టు పెట్టండి. సిగ్నల్ లేకున్నా రాయవచ్చు, సిగ్నల్ వచ్చినంక పైకి పోతది. కానీ ఒకే గడిని మీరు ఆఫ్‌లైన్‌ల, దుకాణంల ఇంకొకరు ఆన్‌లైన్‌ల మారిస్తే ఆఖరికి ఒకరి అంకెనే మిగులుతది. బాకీల వరుసలు ఆ నాలుగు రోజులు ఎవరు ముట్టాలో ముందే తేల్చుకోండి.

ఓటీపీ అన్నిటికంటే పెద్ద సంగతి. సిగ్నల్ లేని గంటల దుకాణం చెల్లింపు ఆగితే మిమ్మల్నే అడుగుతరు. ఓటీపీని ఫోనుల చదివి చెప్పుడు, ఫార్వర్డ్ చేసుడు అలవాటు చేయొద్దు. ఖాతా సేటుదైతే రిజిస్టర్డ్ నంబరు సేటుదే పెట్టించండి. బ్యాంకుకు పోయి ఫారం ఇయ్యాలె, కాబట్టి నెల ముందే కదలండి.

హంటర్ రోడ్డు ఫిజియో:

పైన చెప్పిన వారాల పట్టిక బాగుంది. ఈ దూరంలో మధ్యలోనే ఆగిపోయేవాళ్లలో ఎక్కువమందిని ఆపేది గుండె, ఊపిరి కాదు, పాదాలు. అందుకే ఆ ఒక్క విషయం వివరంగా రాస్తాను.

బూట్లు సాయంత్రం పూట కొనండి, పొద్దుటి కంటే పాదం అప్పటికి కొంత ఉబ్బి ఉంటుంది. నాలుగు రోజుల నడకలో ఇంకా ఉబ్బుతుంది. నిలబడినప్పుడు పొడవైన వేలికీ బూటు కొనకూ మధ్య ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అది లేకపోతే దిగుడు ఉన్న చోట వేళ్లు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. ఐదో వారానికల్లా కొని, అదే జతతో కనీసం 80 కిలోమీటర్లు నడవండి. గోళ్లు బయల్దేరడానికి నాలుగైదు రోజుల ముందు, మూలలు లోపలికి పోకుండా నిటారుగా కత్తిరించాలి.

నూలు సాక్సులు వద్దు. చెమటను పట్టుకుని తడిగా ఉంటాయి, తడి చర్మం రాపిడికి త్వరగా లేస్తుంది. సింథటిక్ సాక్సులు మూడు జతలు తీసుకుని, 10 కిలోమీటర్లకోసారి మార్చండి. తీసిన జతను సంచి బయట కట్టుకుంటే ఎండకు ఆరిపోతుంది. మార్చేటప్పుడు ఐదు నిమిషాలు పాదాలకు గాలి తగలనివ్వండి. తొడలు రాసుకునే చోట వాజ్‌లైన్ రాయాలి. వేళ్ల మధ్య కూడా పలచగా రాయవచ్చు.

బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు ఒక చోట వేడిగా, చురుక్కుమంటుంది. మడిమ వెనక, బొటనవేలి కింది ఉబ్బు, చిటికెన వేలి పక్క, ఈ మూడు చోట్లే ఎక్కువ. ఆ చురుకు తెలిసిన ఐదు నిమిషాల్లో ఆగి, సాక్సు తీసి, తుడిచి, ఆరబెట్టి, గుడ్డ ప్లాస్టరు ముడత లేకుండా అంటించాలి. ప్లాస్టరు మూలలను కత్తెరతో గుండ్రంగా కోస్తే సాక్సుకు తగిలి లేవదు. తర్వాతి ఊరిలో చూద్దాం అని మరో కిలోమీటరు నడిస్తే అక్కడ నీరు చేరుతుంది. చిన్న బొబ్బను పగలగొట్టొద్దు. పెద్దదై నడవనీయకపోతే, చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచు దగ్గర రెండు చోట్ల గుచ్చి నీరు తీయండి. పైచర్మం పీకకుండా అలాగే ఉంచి కప్పాలి, కింది పచ్చి చర్మానికి అదే రక్ష. చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, చీము కనిపించినా నడక ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నీళ్లు గంటకు దాదాపు అర లీటరు, దాహాన్ని బట్టి కాస్త ఎక్కువ తక్కువ. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. మధ్య మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, లేదా ఓఆర్ఎస్. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. సగం పొడి ఒక గ్లాసులో వేస్తే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి.

నొప్పి మాత్రలు వేసుకుని నడవడం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద భారం వేస్తాయి. పైగా ఆగమని చెప్పే నొప్పిని కప్పేస్తాయి. వాటిని సంచిలో పెట్టుకోకండి.

పస్రా క్రాస్:

అన్నా, పైన అన్నీ మంచిగ చెప్పిండ్రు. రెండు సంగతులు కలుపుత, ఒక దాంట్ల నాది వేరే మాట.

జీపీఎస్ రికార్డింగ్ పొద్దంతా ఆన్ పెట్టుడు దండగ. ములుగు దాకా దాదాపు 50 కిలోమీటర్లు, ఒకటే రోడ్డు. ఆత్మకూరు, గుడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు ముందు గట్టమ్మ గుడి, అన్నీ దారిలనే వస్తయి. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు ఉండనే ఉన్నయి. తయారీ రోజుల్ల రికార్డు చేసుకో, మీ జోరెంతో తెలుస్తది. అసలు నడకల ఆ బ్యాటరీని కాల్స్ కోసం ఉంచుకో.

మ్యాపు మాత్రం ముందే దింపుకోవాలె. గూగుల్ మ్యాప్స్‌ల మీ ఫొటో నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లకు పోయి, హనుమకొండ నుంచి ఏటూరునాగారం దాకా పెట్టెల పట్టేటట్టు జరిపి డౌన్‌లోడ్ చేయి, ఇంట్ల వైఫై మీద. కానీ నెట్ లేనప్పుడు అది బండి దారులే చెప్తది, నడక దారి చెప్పదు. నడకకు కూడా కావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్ ఒకటి వేసుకో. అది తెలంగాణ మ్యాపు మొత్తం ఫోనుల పెట్టుకుంటది.

పస్రా దగ్గర ఆలోచించాలె. అక్కడ నుంచి నార్లాపూర్ మీదుగ మేడారం పోవచ్చు, లేకుంటే హైవే మీదనే తాడ్వాయి దాకా పోయి లోపలికి మళ్లవచ్చు. జాతర రోజుల్ల ఏ దారిల ఏ బండ్లు పోవాలో పోలీసులు నిర్ణయిస్తరు, ఒక్కోసారి ఒక దిక్కే వదులుతరు. బండ్లు తక్కువున్న దారి ఏదో ములుగులనే అడిగి తెలుసుకో. పస్రా దాటినంక అడవి. చీకటి పడ్డంక అక్కడ ఒంటిగ నడవొద్దు, నలుగురు ఉన్న గుంపుతోనే. తలకు కట్టుకునే టార్చి, సంచి వెనక మెరిసే టేపు తప్పనిసరి. ఫోను టార్చి మీద ఆధారపడితే ఫోనూ పాయె, వెలుతురూ పాయె.

సిగ్నల్ లేకుంటే ఏం చేయాలంటే, ముందే మాట అనుకోవాలె. "పస్రాల మూడింటికి బయల్దేరుతున్న, మేడారంల తొమ్మిదింటి లోపల మెసేజ్ పెడ్త, పది దాటినా రాకుంటే నా తోడున్నోళ్ల నంబర్లకు చేయండి" అని ఇంటికి, దుకాణానికి రాసి పంపు. వాట్సాప్ లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఉంటయి, కానీ డేటా లేని చోట అది ఆగిపోతది. చుక్క కదుల్తలేదని ఇంట్ల భయపడతరు. టైము రాసిన మెసేజ్ నయం, అది కూడా వాట్సాప్ కాకుండ ఎస్ఎంఎస్. తక్కువ సిగ్నల్‌ల అదే ముందు పోతది.

పెద్ద జాతర రోజుల్ల సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర టవర్లు ఎన్ని పెట్టినా జనానికి సరిపోవు. గీతలు నిండుగ కనపడతయి, ఫోను కలవదు. ఫోన్‌పే, గూగుల్‌పే తిరుగుతనే ఉంటయి. నగదు తప్పనిసరి, 10, 20, 50 నోట్లు ఎక్కువ. బంగారం, అంటే మొక్కు బెల్లం, కొనేకాడ గుంపుల చిల్లర దొరకదు.

జంపన్న వాగుల స్నానానికి దిగేటప్పుడు ఫోను గట్టు మీద ఎవరికన్నా అప్పజెప్పు, జిప్ కవర్ల పెట్టి. పోతే ఏం చేయాలో ముందే చేసి పెట్టుకో: *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబర్లు రెండూ కాగితం మీద రాసి ఇంట్ల పెట్టు. పోలీసు ఫిర్యాదుకు, కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌ల ఫోను బ్లాక్ చేసేందుకు అవే కావాలె. ఇంటి నంబరు, సేటు నంబరు కూడా కాగితం మీద రాసి జేబుల పెట్టుకో. ఫోను ఆగిపోతే మనకు ఒక్క నంబరు కూడా నోటికి రాదు.

ఎనుమాముల లెక్కలు:

అందరికీ చానా కృతజ్ఞతలు. షీటు, ఓటీపీ సంగతి రేపే సేటుతోని మాట్లాడుత. మూడు చిన్న ప్రశ్నలు. ఒకటి, సిగ్నల్ లేనప్పుడు వచ్చే కాల్స్‌ను దుకాణంల తమ్ముడి ఫోనుకు మళ్లించవచ్చా? రెండు, మోకాలి కింద ముందటి ఎముక వెంట నొప్పి వస్తే నడవాలా, ఆపాలా? రెండేళ్ల కింద ఒకసారి వచ్చింది. మూడు, అమ్మ చెప్పులు లేకుండ పొమ్మంటుంది.

రెండు సిమ్ములు:

మళ్లించవచ్చు. ఫోన్ డయలర్‌ల మూడు చుక్కలు, సెట్టింగ్స్, కాలింగ్ అకౌంట్స్, సిమ్ము పేరు, కాల్ ఫార్వర్డింగ్. అక్కడ నాలుగు రకాలుంటయి. వెన్ అన్‌రీచబుల్ దగ్గర మాత్రమే తమ్ముడి నంబరు పెట్టండి. ఆల్వేస్ పెడితే సిగ్నల్ ఉన్నప్పుడు కూడా మీకు ఒక్క కాల్ రాదు. సెట్టింగ్ మార్చేటప్పుడు ఆ సిమ్ముకు సిగ్నల్ ఉండాలె, అది కంపెనీ సర్వర్‌ల రాసుకునే సంగతి, ఫోనుల కాదు. అందుకే హనుమకొండలనే పెట్టి, ఫోను ఆఫ్ చేసి, వేరే ఫోను నుంచి కాల్ చేసి చూడండి. వచ్చినంక తీసేయుడు మరువొద్దు. స్టార్ 401 కోడ్‌తోని మళ్లించే పద్ధతిని మోసగాళ్లు వాడుకుంటున్నరని 2024 ఏప్రిల్ 15 నుంచి కేంద్రం ఆపించింది. ఎవరన్నా ఫోన్ చేసి అట్లాంటి కోడ్ కొట్టమంటే కొట్టొద్దు, మీ ఓటీపీ కాల్స్ వాళ్లకు పోతయి.

ఇంకోటి మరిచిన. రాత్రి ఆగే చోట ప్లగ్గు ఒక్కటే ఉండి పది మంది ఉంటరు. రెండు పోర్టుల ఛార్జరు, రెండు వైర్లు, ఒక చిన్న మల్టీప్లగ్గు తీసుకపోండి. మల్టీప్లగ్గు ఉన్నోనికి ఎవరూ కాదనరు. ఖాళీ అయిన పవర్ బ్యాంకు నిండేందుకు మామూలు 10 వాట్ల ఛార్జరుతోని ఐదారు గంటలు పడతది, కాబట్టి చేరంగనే పెట్టాలె, పడుకునేటప్పుడు కాదు.

హంటర్ రోడ్డు ఫిజియో:

ముందటి ఎముక నొప్పి రెండు రకాలు. వేలితో నొక్కుతూ పోతే జానెడు పొడవునా నొప్పిగా ఉండి, నడక మొదట్లో ఎక్కువై వేడెక్కాక తగ్గితే, అది దూరం తొందరగా పెంచడం వల్ల వచ్చింది. నాలుగైదు రోజులు ఆపి, రోజుకు రెండుమూడుసార్లు 15 నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, తగ్గాక సగం దూరంతో మొదలుపెట్టండి. బూటు లేసు పైన మరీ బిగించారేమో కూడా చూడండి. ఒకే చోట, వేలి మొన అంత మేర మాత్రమే పోటుగా ఉండి, రాత్రి పడుకున్నా ఉంటే, అది ఎముకలో సన్న చీలిక కావచ్చు. అప్పుడు నడక పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి.

మీకు ఇంతకుముందు వచ్చింది కాబట్టి ఈ రోజు నుంచే రెండు వ్యాయామాలు చేయండి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడిమలు పైకి ఎత్తి, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించడం, 12 చొప్పున మూడుసార్లు. గోడకు ఆనుకుని, మడిమలు నేల మీదే ఉంచి వేళ్ల వైపు పాదం పైకి ఎత్తడం, 15 చొప్పున మూడుసార్లు. వారానికి మూడు రోజులు చాలు.

చెప్పుల సంగతి అమ్మతో నెమ్మదిగా మాట్లాడండి. 12 వారాల్లో అరికాలు 100 కిలోమీటర్ల తారుకు సిద్ధం కాదు, మధ్యాహ్నం తారు వేడికి అసలే కాదు. మట్టి నేల మీద వారానికి రెండుసార్లు పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా పెంచుకుంటే, ఆఖరి రోజు జంపన్న వాగు దగ్గర బూట్లు విప్పి గద్దెల దాకా వట్టికాళ్లతో నడవగలరు.

భద్రకాళి కట్ట:

అమ్మలకు కాళ్ల మీద కోపమేం ఉండదు, అట్లనే చేయండి. తిండి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక్క మాట. పొద్దున ఐదింటికి కడుపు నిండ తిని బయల్దేరొద్దు. రెండు అరటిపండ్లు, చాయ్ చాలు. ఆ తర్వాత గంటకోసారి ఏదో కొంచెం: పల్లి పట్టీ, ఖర్జూరాలు, సర్వపిండి ముక్క. సర్వపిండి ఎండకు పాడుకాదు, ఉప్పు కూడా ఉంటది. పదిన్నరకు ఆగినప్పుడు అన్నం తినండి, దుకాణం కాల్స్ అయిపోయినంక. అన్నం ముందర పెట్టుకొని బాకీల లిస్టు తెరిస్తే రెండూ సరిగ కావు.

మొదటి నడక రేపు కట్ట మీద 40 నిమిషాలు. ఫోను జేబుల పెట్టి, అడుగుల లెక్క సరిగ చూపెడుతుందో లేదో జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ట్రాక్ మీద ఒకసారి పోల్చుకోండి. లోపలి వరుసల ఒక చుట్టు 400 మీటర్లు. నోటితోని లెక్కపెట్టుకుంట ఒక చుట్టు తిరగండి. 540 అడుగులు వస్తే మీ అడుగు 74 సెంటీమీటర్లు. ఆ అంకె యాప్‌ల పెట్టినంక కిలోమీటర్లు నమ్మవచ్చు.